‘టెన్ రూపీస్ నోట్’ కాదు, ‘టెన్ రూపీ నోట్’: ఇంగ్లీషు పదబంధాల్లో ఏకవచన, బహువచనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో ఇంగ్లీషు అవసరం తరగతి గది దాటి చాలా దూరం వచ్చింది. రొయ్యల ఎగుమతి కాగితాలు, కొబ్బరి పీచు లావాదేవీలు, కడియం నర్సరీల బోర్డులు, గల్ఫ్ ఉద్యోగాల దరఖాస్తులు, బ్యాంకు పరీక్షలు, సెలవు చీటీలు. వీటన్నిటిలో పెద్ద వాక్యాల కన్నా రెండు మూడు మాటల పదబంధాల దగ్గరే రాసే చేయి ఆగుతుంది. చివర ‘స్’ ఉండాలా, వద్దా? డిగ్రీ చదివినవారు కూడా ఇక్కడ తడబడతారు. తెలుగు బహువచనాన్ని వాడే తీరు వేరు, ఇంగ్లీషు వాడే తీరు వేరు. ఆ తేడా ఎవరైనా విడమరచి చెబితే తడబాటు చాలావరకు పోతుంది. ఇంగ్లీషు ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పైకి చదివి చూడండి, తేడా చెవికి అందుతుంది.

ఏకవచనమా, బహువచనమా అని తేల్చుకోవడానికి ముందుగా ఏం చూడాలి?

లెక్క కన్నా ముందు ఆ మాట నిలబడిన చోటు చూడండి. ఇంగ్లీషులో రెండు నామవాచకాలు పక్కపక్కన వస్తే రెండోదే అసలు వస్తువు. మొదటిది అది ఎలాంటిదో చెబుతూ విశేషణంలా పనిచేస్తుంది. ఇంగ్లీషు విశేషణానికి బహువచనం ఉండదు. ఒక ఎర్ర పడవ ‘రెడ్ బోట్’, పది ఎర్ర పడవలు ‘రెడ్ బోట్స్’. ‘రెడ్స్ బోట్స్’ అని ఎవరూ అనరు. విశేషణం చోటికి వచ్చిన నామవాచకం కూడా సాధారణంగా అదే పద్ధతికి లోబడుతుంది. కాయలు వేలకొద్దీ రాశులు పోసి ఉన్నా అది ‘కోకోనట్ మార్కెట్’. అలాంటి మార్కెట్లు నాలుగుంటే ‘కోకోనట్ మార్కెట్స్’. ఈ పేజీలోని జవాబుల్లో సగం ఈ ఒక్క సంగతిలోంచే పుట్టాయి.

‘రొయ్యల చెరువు’, ‘పుస్తకాల షాపు’ అని మనం బహువచనంలోనే అంటాం కదా? ఇంగ్లీషులో ఆ బహువచనం ఎందుకు పోతుంది?

మన తప్పులకు వేరు ఈ ప్రశ్నలోనే ఉంది. తెలుగులో ముందు మాట తన బహువచనాన్ని వదులుకోదు. రొయ్యలు ‘రొయ్యల’ అవుతుంది, పుస్తకాలు ‘పుస్తకాల’ అవుతుంది, కూరగాయలు ‘కూరగాయల’ అవుతుంది. బడిలో షష్ఠీ తత్పురుష సమాసం అని చదువుకున్నది ఇదే. ఆ ‘ల’ మన నాలుకకు ఎంత అలవాటంటే, ఇంగ్లీషు రాసేటప్పుడు దాని చోటులో మనకు తెలియకుండానే ‘స్’ వచ్చి చేరుతుంది. ‘ప్రాన్స్ పాండ్’, ‘బుక్స్ షాప్’, ‘వెజిటబుల్స్ మార్కెట్’, ‘ఫ్లవర్స్ మార్కెట్’, ‘బ్యాంగిల్స్ స్టోర్’ అలా పుట్టినవే. ఇంగ్లీషు పద్ధతిలో అవి ‘ప్రాన్ పాండ్’, ‘బుక్ షాప్’, ‘వెజిటబుల్ మార్కెట్’, ‘ఫ్లవర్ మార్కెట్’, ‘బ్యాంగిల్ స్టోర్’. రావులపాలెంలో గెలలు ఎన్ని లారీల్లో దిగినా అది ‘బనానా మార్కెట్’.

ఇంకో సంగతి గమనించండి. తెలుగులోనూ ‘ల’ లేని జంటలు చాలా ఉన్నాయి: కొబ్బరి తోట, వరి చేను, అరటి గెల, కంటి ఆసుపత్రి. వీటిని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మనవాళ్లు దాదాపుగా పొరపడరు. అంటే లోపం వ్యాకరణం రాకపోవడంలో లేదు, ‘ల’ను వెంట తెచ్చుకోవడంలో ఉంది. కాబట్టి తెలుగులో అనుకున్న పదబంధంలో మొదటి మాట చివర ‘ల’ వినిపిస్తే అక్కడ ఒక్క క్షణం ఆగండి. అనుమానం తీరకపోతే ‘టూత్ బ్రష్’ను గుర్తు చేసుకోండి. నోటి నిండా పళ్లున్నా అక్కడ ‘టీత్’ రాదు. 1974లో రాజమండ్రి దగ్గర వచ్చిన ‘రోడ్ కం రైల్ బ్రిడ్జి’లో కూడా ‘రైల్’కు ‘స్’ లేదు.

అంకె ఉన్నప్పుడు బహువచనం తప్పదు కదా? మరి ‘టెన్ రూపీ నోట్’ ఎలా ఒప్పు?

పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమని ఇచ్చే ప్రశ్నల్లో ఇది బాగా పాతది, ఇప్పటికీ మార్కులు పోగొడుతున్నది. అంకె వచ్చినా చోటు నియమం మారదు. జేబులో ఉన్న డబ్బు ‘టెన్ రూపీస్’. ఆ విలువ గల ఒక కాగితం ‘టెన్ రూపీ నోట్’. మొదటి దానిలో రూపాయలే అసలు సంగతి, రెండో దానిలో నోటు అసలు సంగతి.

మన పొలాల లెక్కతో చూద్దాం. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ‘సెవెంటీ ఫైవ్ కిలోస్ ఆఫ్ ప్యాడీ’ అన్నప్పుడు కిలోలను లెక్కపెడుతున్నాం, కాబట్టి బహువచనం. ‘సెవెంటీ ఫైవ్ కిలో బ్యాగ్’ అన్నప్పుడు బస్తా ఎంతటిదో చెబుతున్నాం, కాబట్టి ‘కిలో’. ఐదెకరాల తోట ‘ఫైవ్ ఎకర్ ఫార్మ్’, దాని విస్తీర్ణం ‘ఫైవ్ ఎకర్స్’. రెండు గంటల ప్రయాణం ‘టూ అవర్ జర్నీ’. మూడేళ్ల డిగ్రీ ‘త్రీ ఇయర్ డిగ్రీ’. పదేళ్ల అబ్బాయి ‘టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్’, కానీ వాక్యం చివర వయసు చెబితే ‘ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్’. రాసేటప్పుడు ముందు వచ్చే జంట మాటల మధ్య అడ్డగీత పెట్టడం మంచి అలవాటు.

భీమవరం వైపు రొయ్య రైతులు రోజూ వాడే ‘కౌంట్’ కూడా ఈ కోవలోనిదే. కిలోకు ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంట్. ఇంగ్లీషులో అది ‘థర్టీ కౌంట్ ష్రింప్’, ‘థర్టీ కౌంట్స్’ కాదు. ఇక్కడ వ్యాపారుల నోటి అలవాటూ ఇంగ్లీషు వ్యాకరణమూ ఒకే మాట చెబుతున్నాయి.

సెలవు చీటీ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. ‘టూ డేస్ లీవ్’ అని రాయవచ్చు, కానీ ‘డేస్’ చివరి అక్షరం తర్వాత అపాస్ట్రఫీ ఉండాలి, ఎందుకంటే అది ‘రెండు రోజులకు చెందిన సెలవు’. ‘టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ కూడా అంతే. ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో నమ్మకం లేకపోతే ‘లీవ్ ఫర్ టూ డేస్’ అని రాయండి. ఏ అధికారీ తప్పు పట్టలేరు.

ముందు మాట ఏకవచనమే అయితే ‘స్పోర్ట్స్ డే’, ‘గూడ్స్ ట్రైన్’, ‘సేవింగ్స్ అకౌంట్’ ఎలా వచ్చాయి?

ఇవి నిజమైన మినహాయింపులు. గుడ్డిగా బట్టీ పట్టనక్కర్లేదు, వీటి వెనుక కారణాలున్నాయి.

కొన్ని మాటల్లో ‘స్’ తీసేస్తే అర్థమే మారిపోతుంది. ‘గుడ్’ అంటే మంచి. సరుకు కావాలంటే ‘గూడ్స్’ అనక తప్పదు. ‘కస్టమ్’ ఆచారం, ‘కస్టమ్స్’ సుంకం. అందుకే కాకినాడ రేవులో ఉండేది ‘కస్టమ్స్ ఆఫీసర్’. ‘ఆర్మ్’ చేయి, ‘ఆర్మ్స్’ ఆయుధాలు. ‘క్లాత్’ తానులోని గుడ్డ, ‘క్లోద్స్’ కుట్టిన బట్టలు. కాబట్టి చీరలూ చొక్కాలూ అమ్మేది ‘క్లోద్స్ షాప్’, మీటర్ల లెక్కన గుడ్డ కోసి ఇచ్చేది ‘క్లాత్ షాప్’. రాజమహేంద్రవరంలో ఊరంతా ఆర్ట్స్ కాలేజీ అని పిలిచే పాత ప్రభుత్వ కళాశాల పేరులో ‘స్’ తీసేస్తే అది చిత్రలేఖనం నేర్పే చోటవుతుంది.

ఇంకొన్నిటిలో బహువచనం ఒక శాఖ చూసే అనేక వ్యవహారాలను సూచిస్తుంది. మీ ఖాతా ఒక్కటే, అందుకే ‘అకౌంట్ నంబర్’. అందరి ఖాతాలూ చూసే విభాగం ‘అకౌంట్స్ సెక్షన్’. మీరు కట్టేది ‘అడ్మిషన్ ఫీజు’, వందల దరఖాస్తులు చూసేది ‘అడ్మిషన్స్ ఆఫీస్’. ఈ జంటను ఒకసారి మనసులో పెట్టుకుంటే ‘సేల్స్ మేనేజర్’, ‘సిస్టమ్స్ ఇంజినీరు’ లాంటివి వింతగా తోచవు. ఈ తరహా బహువచనం పట్ల బ్రిటన్ వారికి అమెరికన్ల కన్నా మక్కువ ఎక్కువ. వారు ‘డ్రగ్స్ ప్రాబ్లం’ అనే చోట అమెరికన్లు ‘డ్రగ్ ప్రాబ్లం’ అంటారు.

నా సలహా ఇది: పదబంధాన్ని మీరే కొత్తగా కడుతుంటే ఏకవచనంతో కట్టండి. బహువచన రూపాన్ని నిఘంటువులోనో మంచి పత్రికలోనో చూసినప్పుడే వాడండి.

‘కోకోనట్ డెవలప్‌మెంట్ బోర్డు’లో ఏకవచనం, ‘స్పైసెస్ బోర్డు’లో బహువచనం. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే కదా?

చాలా మంచి పరిశీలన. కొబ్బరి ఒకే పంట, కాబట్టి ‘కోకోనట్’. పీచు, పొగాకు లెక్కపెట్టే వస్తువులే కావు, కాబట్టి ‘కాయిర్ బోర్డు’, ‘టొబాకో బోర్డు’. సుగంధ ద్రవ్యాలు మిరియాలు, ఏలకులు, పసుపు అంటూ ఎన్నో రకాలు. ఆ వైవిధ్యాన్ని పేరులోనే చూపడానికి ‘స్పైసెస్’. రొయ్యల ఎగుమతిదారులకు బాగా తెలిసిన ‘మెరైన్ ప్రొడక్ట్స్ ఎక్స్‌పోర్ట్ డెవలప్‌మెంట్ అథారిటీ’ (1972లో ఏర్పడింది) పేరు ఇంకా ఆసక్తికరం. రొయ్యలు, చేపలు, పీతలు అన్నీ కలిపి ‘ప్రొడక్ట్స్’ బహువచనం, పక్కనే ‘ఎక్స్‌పోర్ట్’ ఏకవచనం. ఒకే పేరులో నియమమూ మినహాయింపూ పక్కపక్కన ఉన్నాయి.

రైలు సంస్థ పేర్లూ ఇలాంటివే. దేశం మొత్తానికి ‘ఇండియన్ రైల్వేస్’, జోన్ పేరుకు ‘సౌత్ సెంట్రల్ రైల్వే’, మన ఊళ్లో ‘రైల్వే స్టేషన్’. పేరు ఎలా నమోదై ఉంటే అలాగే రాయాలి. సంస్థ పేరును మన వ్యాకరణంతో దిద్దకూడదు.

మహిళా కళాశాల, బాలుర పాఠశాల, మాతృ దినోత్సవం: మనుషులకు సంబంధించిన వాటికి వేరే పద్ధతి ఉందా?

ఉంది. ఎవరి కోసం ఉన్నదో చెప్పేటప్పుడు ఇంగ్లీషు తరచుగా బహువచనం మీద అపాస్ట్రఫీ పెడుతుంది: ‘ఉమెన్స్ కాలేజ్’, ‘చిల్డ్రన్స్ వార్డ్’, ‘బాయ్స్ హైస్కూల్’. మన ‘ల’ ఇక్కడ నిజంగానే పనికొస్తుంది, ఎందుకంటే ‘బాలుర’, ‘పిల్లల’ అన్న అర్థం అలాగే నిలుస్తుంది. కానీ 2024 నుంచి మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో జరుగుతున్న ‘పేరెంట్ టీచర్ మీటింగ్’లో తల్లిదండ్రులు వందమంది వచ్చినా ఆ రెండు మాటలూ ఏకవచనమే. అక్కడ చెబుతున్నది సమావేశం ఏ రకమైనదో.

‘టీచర్స్ డే’, ‘చిల్డ్రన్స్ డే’ బహువచనాలు. ‘మదర్స్ డే’ మాత్రం ఏకవచనం, అపాస్ట్రఫీ ‘స్’ కన్నా ముందే వస్తుంది. ఆ రోజును అమెరికాలో మొదలుపెట్టిన ఆనా జార్విస్ ప్రతి కుటుంబమూ తన సొంత తల్లిని గౌరవించుకోవాలన్న ఉద్దేశంతో అలాగే ఉండాలని పట్టుబట్టారు.

ఇక ‘గర్ల్ స్టూడెంట్స్’ అనాలి, ‘గర్ల్స్ స్టూడెంట్స్’ కాదు. కానీ ‘ఉమన్ డాక్టర్’కు బహువచనం ‘ఉమెన్ డాక్టర్స్’. ‘మ్యాన్’, ‘ఉమన్’ ముందు వచ్చినప్పుడు రెండు మాటలూ మారతాయి. ఇది పాత అలవాటు, గుర్తుంచుకోవడమే మార్గం.

దుకాణం బోర్డు మీద ‘టెక్స్‌టైల్స్’, ‘స్వీట్స్’ అని రాయించడం తప్పా?

తప్పు కాదు. ఆ మాట ఒంటరిగా నిలబడింది కాబట్టి దాని బహువచనం దానికి ఉంటుంది. అమ్మవారి పేరు పెట్టి పక్కన ‘టెక్స్‌టైల్స్’ అనవచ్చు. దాని తర్వాత ‘షాప్’ చేర్చితే మాత్రం ‘టెక్స్‌టైల్ షాప్’. తాపేశ్వరంలో కాజాల దుకాణానికి ‘స్వీట్స్’ అన్నా సరే, ‘స్వీట్ షాప్’ అన్నా సరే, ‘స్వీట్స్ షాప్’ వద్దు. ‘జ్యువెలర్స్’ అంటే నగలు చేసేవారు, అమ్మేవారు. ‘జ్యువెలరీ’ అంటే నగలు, దానికి ‘స్’ రాదు. చెరువుల ఊళ్లలో కనిపించే ‘ఫీడ్స్’ అనే మాట సరైనదే. మేత లెక్కపెట్టే వస్తువు కాకపోయినా రకాలను ఉద్దేశించినప్పుడు బహువచనం చేయవచ్చు.

నీళ్లు, పాలు, వడ్లు, మినుములు మనకు బహువచనాలు. ఇంగ్లీషులో ‘వాటర్’, ‘మిల్క్’, ‘ప్యాడీ’ ఏకవచనాలేమిటి?

కాలువకు నీళ్లు ‘వచ్చాయి’ అంటాం. ఇంగ్లీషులో ‘వాటర్ హ్యాజ్ కమ్’. ‘హ్యావ్’ రాదు. పోసినప్పుడు ఒకటిగా కలిసిపోయేవాటిని, రాశిగా చూసేవాటిని ఇంగ్లీషు లెక్కలోకి రాని ఏకవచనంగా చూస్తుంది. తెలుగు వాటిలో కొన్నిటిని బహువచనంగా చూస్తుంది. మనకు వడ్లు, వారికి ‘ప్యాడీ’. మనకు మినుములు, వారికి ‘బ్లాక్ గ్రామ్’. మనకు వెంట్రుకలు, వారికి ‘హెయిర్’. అయితే పప్పుధాన్యాలన్నిటినీ కలిపి ‘పల్సెస్’ అని వారూ బహువచనమే వాడతారు. ‘వీట్’ ఏకవచనమైతే ‘ఓట్స్’ బహువచనం. భాషలో ఇలాంటి చోట్ల తర్కం వెతకడం కాలయాపన.

అసలు ఎక్కువ తప్పులు ఇలా లెక్కకు రాని మరికొన్ని మాటల్లో వస్తాయి. సలహాలు ‘అడ్వైస్’, ‘అడ్వైసెస్’ కాదు. సామాన్లు ‘లగేజ్’. పరికరాలు ‘ఎక్విప్‌మెంట్’. కుర్చీలూ బల్లలూ అన్నీ కలిపి ‘ఫర్నిచర్’. సిబ్బంది అందరూ ‘స్టాఫ్’. ఒక ఆఫీసు సిబ్బందిని ‘స్టాఫ్స్’ అని రాయకండి. ఒక్కొక్కరినీ లెక్కపెట్టాలంటే ‘స్టాఫ్ మెంబర్స్’. ఒక్క సలహా కావాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ఒక వడ్లగింజ ‘ఎ గ్రెయిన్ ఆఫ్ ప్యాడీ’. గింజ అనే మాట మనం ఎలా చేర్చుకుంటామో వారూ అలాగే చేర్చుకుంటారు.

‘న్యూస్’, ‘మ్యాథమెటిక్స్’ చూడటానికి బహువచనాలు, కానీ క్రియ ఏకవచనమే. వార్తలు ‘వచ్చాయి’, లెక్కలు ‘కష్టంగా ఉన్నాయి’ అని మనం అంటాం కాబట్టి ఇక్కడ జారిపడే ప్రమాదం రెట్టింపు. ‘ద న్యూస్ ఈజ్ గుడ్’, ‘మ్యాథమెటిక్స్ ఈజ్ డిఫికల్ట్’.

కత్తెర, కళ్లజోడు, ప్యాంటు ఒక్కటే ఉన్నా ఇంగ్లీషులో బహువచనం ఎందుకు?

రెండు భాగాలు కలిసిన వస్తువులు కాబట్టి. ‘సిజర్స్’, ‘గ్లాసెస్’, ‘ట్రౌజర్స్’. ‘మై గ్లాసెస్ ఆర్ బ్రోకెన్’ అనాలి, పగిలింది ఒక్క కళ్లజోడే అయినా. లెక్క కావాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్’ చేర్చండి.

ఎకరంన్నర, అర ఎకరం, రెండు లక్షలు: వీటిని ఎలా రాయాలి?

ఒకటి దాటితే బహువచనం. ఎకరంన్నర ‘వన్ అండ్ ఎ హాఫ్ ఎకర్స్’. ఒకటికి లోపల మాటల్లో చెబితే ఏకవచనం: ‘హాఫ్ ఎన్ ఎకర్’. అదే దశాంశంలో చదివితే వాడుకలో బహువచనం వస్తుంది: 0.5 అంటే ‘పాయింట్ ఫైవ్ ఎకర్స్’. సున్నా కూడా బహువచనమే: ‘జీరో డిగ్రీస్’.

‘హండ్రెడ్’, ‘థౌజండ్’, ‘డజన్’ ముందు అంకె ఉంటే ‘స్’ రాదు. ‘టూ డజన్ ఎగ్స్’, ‘ఫైవ్ హండ్రెడ్ రూపీస్’. అంకె లేకుండా చాలా అని చెప్పాలంటే ‘హండ్రెడ్స్ ఆఫ్’. మన ‘లాఖ్’, ‘క్రోర్’ కూడా ఇదే దారిలో నడిపించండి: ‘టూ లాఖ్ రూపీస్’, ‘లాఖ్స్ ఆఫ్ రూపీస్’.

కిలోగ్రాములను, కిలోమీటర్లను పొట్టి గుర్తులతో రాసేటప్పుడు చివర ‘ఎస్’ అక్షరం చేర్చకూడదు. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో ఆ గుర్తులు ఒకటికైనా వెయ్యికైనా ఒకటే. బియ్యం సంచుల మీద, రోడ్డు పక్క బోర్డుల మీద ఈ తప్పు విపరీతంగా కనిపిస్తుంది. అచ్చు వేయించే ముందు దిద్దడం చాలా సులువు.

‘ప్రాణాలు కోల్పోయాడు’ను ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ‘లైఫ్’ అనాలా, ‘లైవ్స్’ అనాలా?

తెలుగులో ఒక్క మనిషికైనా ప్రాణాలు అనే అంటాం. ఇంగ్లీషులో మనిషికి ఒక ప్రాణం. ‘హి లాస్ట్ హిజ్ లైఫ్’. చాలామంది అయితే ‘దే లాస్ట్ దేర్ లైవ్స్’. 1996 నవంబరు తుపాను గురించి రాస్తే ‘మెనీ పీపుల్ లాస్ట్ దేర్ లైవ్స్’ అనాలి. ‘దేర్ లైఫ్’ అని రాస్తే అందరికీ కలిపి ఒకే ప్రాణం అన్నట్టు ధ్వనిస్తుంది. అలాంటి వాక్యంలో పొరపాటు చనిపోయినవారి పట్ల అశ్రద్ధలా కనిపిస్తుంది కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండాలి.

దీనికి ఎదురు దిక్కు కూడా ఉంది. ‘అందరూ చెయ్యి ఎత్తండి’ అని తెలుగు మాస్టారు అంటారు, ఒక్కొక్కరూ ఒక్క చెయ్యే ఎత్తుతారు. ఇంగ్లీషులో ‘రెయిజ్ యువర్ హ్యాండ్స్’ అని బహువచనం కూడా వాడతారు, ఎందుకంటే మనుషులు చాలామంది, చేతులూ చాలా. ‘షేక్ హ్యాండ్స్’, ‘మేక్ ఫ్రెండ్స్’, ‘చేంజ్ బసెస్’ కూడా ఇదే ఆలోచన. చేయి కలపాలంటే రెండు చేతులు, బస్సు మారాలంటే రెండు బస్సులు కావాలి. రావులపాలెంలో దిగి అమలాపురం బస్సు ఎక్కేవారు ‘చేంజ్ బసెస్ ఎట్ రావులపాలెం’ అనాలి.

‘వన్ ఆఫ్’ తర్వాత ఏది రావాలి? ‘ఈచ్’, ‘ఎవ్రీ’ తర్వాత?

‘వన్ ఆఫ్’ తర్వాత బహువచనం, దాని క్రియ ఏకవచనం: ‘వన్ ఆఫ్ ద కెనాల్స్ ఈజ్ డ్రై’. ‘ఈచ్’, ‘ఎవ్రీ’ తర్వాత ఏకవచనం. తెలుగులో ‘ప్రతి’ తర్వాత ఏం వస్తుందో ఇక్కడా అదే.

‘ఈస్ట్ అండ్ వెస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్స్’ సరైనదేనా?

సరైనదే. తెలుగులో ఉభయ గోదావరి జిల్లాలు అన్నట్టే, రెండు పేర్లకు కలిపి ఒకే నామవాచకం వస్తే అది బహువచనం అవుతుంది. ధవళేశ్వరం దిగువన నది చీలే పాయలు ‘ద గౌతమీ అండ్ వశిష్ఠ బ్రాంచెస్’. సాగునీటి వ్యవస్థలో మూడు భాగాలను కలిపి చెబితే ‘ఈస్టర్న్, సెంట్రల్ అండ్ వెస్టర్న్ డెల్టాస్’. విడివిడిగా చెబితే ప్రతి దానికీ ‘డెల్టా’.

అయితే ‘కృష్ణా గోదావరి బేసిన్’లో ‘బేసిన్’ ఏకవచనమే. చమురు, సహజవాయువు వెతికేవారు ఆ ప్రాంతం మొత్తాన్ని ఒకే బేసిన్‌గా లెక్కిస్తారు. రెండు నదుల పేర్లు ఉన్నంత మాత్రాన వస్తువులు రెండు కావు. 1847, 1852 మధ్య కాటన్ కట్టించిన ఆనకట్ట కూడా ఇలాంటిదే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉన్నా అది ఒక ‘ఆనికట్’, దానికి ‘ఫోర్ ఆర్మ్స్’.

ఫ్లెక్సీలు, శుభలేఖల మీద ‘కంగ్రాట్యులేషన్’ అని రాస్తే తప్పా?

తప్పే. అభినందనలు, కృతజ్ఞతలు, శుభాకాంక్షలు మనకూ బహువచనాలే, ఇంగ్లీషులోనూ బహువచనాలే: ‘కంగ్రాట్యులేషన్స్’, ‘థాంక్స్’, ‘బెస్ట్ విషెస్’. సంతాపం మాత్రం మనకు ఏకవచనం, వారికి ‘కండోలెన్సెస్’. ఉత్తరం చివర ‘విత్ రిగార్డ్స్’. ఏదైనా విషయానికి సంబంధించి అనాలంటే ‘విత్ రిగార్డ్ టు’, అక్కడ ‘స్’ లేదు.

‘నాన్నగారు వస్తున్నారు’ను ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అనవచ్చా?

అనకూడదు. గౌరవ బహువచనం తెలుగు సంస్కారంలోని అందమైన భాగం. దాన్ని ఇంగ్లీషు క్రియ మోయలేదు. ‘మై ఫాదర్ ఈజ్ కమింగ్’ అంటే నాన్నగారికి అమర్యాద జరగదు. కలెక్టరు గారైనా, గురువు గారైనా ఒక్కరే కాబట్టి ‘ఈజ్’, ‘హ్యాజ్’, ‘హి’ లేదా ‘షి’. గౌరవాన్ని ‘సర్’, ‘మేడమ్’ వంటి సంబోధనలోనూ వాక్యంలోని వినయంలోనూ చూపించాలి. మనిషి స్త్రీయో పురుషుడో తెలియనప్పుడు ఒక్కరికీ ‘దే’ వాడటం వేరే సంగతి. అది ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఉన్న వాడుక.

‘ఫిష్’కు బహువచనం ‘ఫిష్’ అంటారు, కొన్ని పుస్తకాల్లో ‘ఫిషెస్’ ఉంటుంది. ఏది సరి?

రెండూ సరే. బుట్టలో పది బొచ్చెలు ఉంటే ‘టెన్ ఫిష్’. బొచ్చె, శీలావతి, పులస వంటి వేర్వేరు జాతుల గురించి జీవశాస్త్రం రాస్తే ‘ఫిషెస్’. ‘ష్రింప్’కు ‘స్’ చేర్చినా చేర్చకపోయినా ఒప్పే, ‘ప్రాన్’కు మాత్రం ‘ప్రాన్స్’. ‘స్పీషీస్’ ఒకటైనా పదైనా ‘స్పీషీస్’. ‘దిస్ టైప్ ఆఫ్ ఫిష్’, ‘దీస్ టైప్స్ ఆఫ్ ఫిష్’ అనాలి. ‘దీస్ టైప్’ అని కలపకూడదు.

పూతరేకులు, గారెలు వంటి మాటలను ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘స్’ చేర్చాలా?

‘లు’ ఉన్న మాటకు మళ్లీ ‘స్’ అక్కర్లేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల గురించి రాస్తే ‘పూతరేకులు ఆర్ మేడ్ ఇన్ ఆత్రేయపురం’ అని బహువచన క్రియతో రాయండి. ‘పూతరేకులుస్’ అంటే బహువచనం మీద బహువచనం. ‘లు’ లేకుండా ఇంగ్లీషులోకి వెళ్లి స్థిరపడిన మాటలకు మాత్రం ఇంగ్లీషు పద్ధతే: ‘ఇడ్లీస్’, ‘దోశాస్’, ‘శారీస్’. కాజా కూడా ‘కాజాస్’ కావచ్చు. ఒకే రచనలో ఒకే పద్ధతి పాటించండి.

నా సందేహం ఇక్కడ లేదు. ఎక్కడ చూసుకోవాలి?

ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వారు తయారు చేసిన నిఘంటువులు చూడండి, ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి. నామవాచకం పక్కన ‘సి’ అక్షరం ఉంటే అది లెక్కపెట్టగల మాట, బహువచనం చేయవచ్చు. ‘యు’ ఉంటే లెక్కకు రాదు, ‘స్’ వద్దు. రెండూ ఉంటే ఏ అర్థానికి ఏ అక్షరమో కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదివి తెలుసుకోండి. జంట పదాలను ఒక్కో మాటగా కాకుండా మొత్తంగా వెతకండి. ‘సేవింగ్’ అని వెతికితే ‘సేవింగ్స్ అకౌంట్’ కనిపించకపోవచ్చు, పూర్తి పదబంధం కొడితే నేరుగా వస్తుంది.